మీటరు లైటును లెక్కపెట్టండి

(మండల సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మద్దతు ధర గురించి ఇంతకు ముందు మాట్లాడినవాళ్లు వివరంగా చెప్పారు. నేను ఇంటి కరెంటు గురించి నాలుగు మాటలు చెప్పి కూర్చుంటాను.

గృహజ్యోతి 2024 మార్చి నుంచి అమలవుతోంది. తెల్లకార్డు ఇంటికి నెలకు 200 యూనిట్ల దాకా బిల్లు లేదు. కానీ ఆ గీత దాటితే పైనున్న యూనిట్లకే కాదు, మొత్తానికీ కట్టాలి. నిరుడు మే నెలలో మా ఇంట్లో 207 వచ్చింది. పెట్టుబడికి పైసలు వెతుక్కునే నెలలో, ఏడు యూనిట్ల వల్ల బిల్లంతా నెత్తిన పడింది.

ఆ ఏడు ఎక్కడివో మీటరే చెప్తుంది. దాని మీద ఎర్రలైటు మిణుకుమంటుంది కదా, పక్కన 3200 అని రాసి ఉంటే అన్ని మిణుకులకు ఒక యూనిట్. ఇంట్లో అన్నీ ఆపి, ఒక్క ఫ్యాను వేసి లెక్కపెట్టండి. 75 వాట్ల పాత ఫ్యానుకు నిమిషానికి నాలుగు మిణుకులు వస్తాయి. అన్నీ ఆపి, ప్లగ్గులు పీకినా మిణుకుతుంటే ఎక్కడో లీకేజీ ఉన్నట్టే. అప్పుడు వైర్‌మన్‌ను పిలవండి, మీరు వైర్లు ముట్టకండి. స్టార్టర్ల దగ్గర మనం పోగొట్టుకున్న ప్రాణాలు చాలు.

మా ఇంట్లో దొంగలు ఫ్యాన్లే. మూడు ఫ్యాన్లు రోజుకు 20 గంటలు తిరిగితే నెలకు 135 యూనిట్లు. పాత డబ్బా రెగ్యులేటరుతో స్పీడు తగ్గిస్తే మిగిలేది పెద్దగా ఉండదు, ఆ కరెంటు డబ్బాలోనే వేడిగా పోతుంది. 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను ఒక్కటి పెడితే నెలకు 27 యూనిట్లు తగ్గుతాయి. ఖరీదు ఎక్కువే, అందుకే మేమూ ఒక్కటే కొన్నాం, ఎక్కువసేపు తిరిగే గదికి.

చవకైన పని స్లాబు మీద సున్నం. కొద్దిగా ఫెవికాల్ కలిపి, ఎండలు ముదరక ముందే రెండు పూతలు వేయండి. వానకు పోతుంది, మళ్లీ ఏడాది మళ్లీ వేయాల్సిందే. అయినా రాత్రి గది కుంపటిలా ఉండదు. ఫ్రిజ్ తలుపు సందులో కాగితం పెట్టి మూయండి. సులువుగా జారి వస్తే రబ్బరు మార్చాలి.

ఇదంతా చెప్పానని సర్కారును వదిలేయమనడం లేదు. 200 దాటితే పైనున్న యూనిట్లకే బిల్లు వేయాలి. ఈ డిమాండును నేటి తీర్మానాల్లో చేర్చాలని అధ్యక్షులను కోరుతున్నాను.