ఆల్ ఇన్ వన్ కంప్యూటర్: రూముకా, ఊరికా?

మన్సూరాలో బెడ్ స్పేస్‌లో ఉండేవాళ్లకి ఆల్ ఇన్ వన్ చూడగానే నచ్చేస్తుంది. పక్కన సీపీయూ డబ్బా ఉండదు, అంతా స్క్రీన్ వెనకాలే. చిన్న బల్ల చాలు.

కానీ పిల్లల చదువుకని ఊరికి పట్టుకెళ్దామనుకుంటే ఒక్కసారి ఆగండి. మామూలుగా వీటిలో బ్యాటరీ ఉండదు. కరెంటు పోతే, యూపీఎస్ లేకుంటే, చేస్తున్న పని అక్కడికక్కడే ఆగిపోతుంది. స్క్రీన్ పాడైతే మొత్తం మోసుకెళ్లాల్సిందే. 2021లో వచ్చిన ఎం1 ఐమ్యాక్‌లో అయితే కొన్నాక ర్యామ్ పెంచుకోలేం.

ఇంకోటి, కస్టమ్స్. 18 ఏళ్లు నిండినవాళ్లు తెచ్చుకునే ఒక ల్యాప్‌టాప్‌కి ఇండియాలో సుంకం లేదు. ఆల్ ఇన్ వన్‌కి ఆ మినహాయింపు వర్తించదు, మిగతా సామానుతో కలిపి లెక్కేస్తారు.

నా మాటైతే, రూముకి ఆల్ ఇన్ వన్, ఊరికి ల్యాప్‌టాప్. చెమటోడ్చి దాచిన రియాళ్లు కదా, చూసి కొనండి. ఉంటా మరి.