పరంజా మీంచి పడిన కూలీకి చట్టం ఏమిస్తుంది?

(ఎలమంచిలిలో భవన నిర్మాణ కార్మికులు, విద్యార్థులు, ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన ఎలమంచిలి చుట్టుపక్కల ఇరవై ఏళ్లుగా కట్టడాలు ఆగలేదు. ఒకపక్క అచ్యుతాపురం సెజ్, ఇంకోపక్క జాతీయ రహదారి, ఊళ్లలో అపార్ట్‌మెంట్లు, కల్యాణ మండపాలు. ఇవన్నీ కట్టిన చేతులు మీవి. ఆ చేయి విరిగిన రోజున, ఆ మనిషి పడిపోయిన రోజున ఇంటివాళ్లు ఎవర్ని అడగాలి, ఏం అడగాలి, ఎప్పటిలోగా అడగాలి? ఇవాళ నేను చెప్పబోయేది ఇదే.

ముందు ఒక మాట తేల్చుకుందాం. ఎక్స్‌గ్రేషియా వేరు, నష్టపరిహారం వేరు. 2020 ఆగస్టు 1న విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డులో క్రేన్ కూలి 11 మంది చనిపోయారు. కుటుంబానికి 50 లక్షలు ప్రకటించారు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లోని ఎసెన్షియా ఫార్మాలో పేలుడు జరిగి 17 మంది చనిపోయారు. కుటుంబానికి కోటి రూపాయలు ప్రకటించారు. ఇవ్వాల్సిందే, కాదనం. కానీ ఆ ప్రకటనలు ఎందుకు వచ్చాయి? ఒకేసారి అన్ని శవాలు లేచాయి కాబట్టి, టీవీ కెమెరాలు వచ్చాయి కాబట్టి, మంత్రులు రాక తప్పలేదు కాబట్టి. అదే రెండో అంతస్తు పరంజా మీంచి ఒక్క తాపీ మేస్త్రీ పడిపోతే ఏ కెమెరా వస్తుంది? పేపర్లో జిల్లా పేజీ అడుగున నాలుగు లైన్లు. ఆస్పత్రి వరండాలో కాంట్రాక్టర్ మనిషి కొంత డబ్బు చేతిలో పెట్టి స్టాంపు కాగితం మీద వేలిముద్ర వేయించుకుంటాడు. అంతటితో సరి.

ఆ ఒక్క మేస్త్రీకి కూడా చట్టం ఉంది. దానికి మంత్రి రానక్కర్లేదు. ప్రభుత్వం దయ తలచి ఇచ్చేది ఎక్స్‌గ్రేషియా. యజమాని చచ్చినట్టు కట్టాల్సింది నష్టపరిహారం.

చట్టం పేరు మారింది, హక్కు పోలేదు

ఈ హక్కు మనకు 1923 నుంచీ ఉంది. అప్పుడు దాన్ని వర్క్‌మెన్స్ కాంపెన్సేషన్ చట్టం అన్నారు. 2010 నుంచి ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ చట్టం అయింది. 2025 నవంబర్ 21న కేంద్రం నాలుగు లేబర్ కోడ్‌లను అమల్లోకి తెచ్చింది. ఆ రోజు నుంచి పాత చట్టం స్థానంలో 2020 నాటి సామాజిక భద్రతా కోడ్ వచ్చింది. అందులో ఏడో అధ్యాయం ఈ పరిహారం గురించే. కోడ్‌ల మీద కార్మిక సంఘాలకు గట్టి అభ్యంతరాలున్నాయి. దానికి ఇంకో సభ పెట్టుకుందాం. ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటే. ఆ తేదీకి ముందు జరిగిన ప్రమాదాలకు పాత చట్టం, తర్వాతివాటికి కోడ్. లెక్క కట్టే పద్ధతి దాదాపు అదే.

ఈ చట్టంలో అసలు బలం ఎక్కడుందంటే, యజమాని తప్పు చేశాడని మనం రుజువు చేయనక్కర్లేదు. పని చేస్తుండగా, పని కారణంగా ప్రమాదం జరిగిందని చూపిస్తే చాలు. "వాడే జాగ్రత్తగా ఉండలేదు, బెల్టు పెట్టుకోలేదు" అంటారు. చనిపోయినా, శాశ్వతంగా పూర్తిగా పనికి పనికిరాకుండా పోయినా, తాగి ఉన్నాడనో చెప్పిన మాట వినలేదనో చెప్పి యజమాని తప్పించుకోవడానికి లేదు. అంతకంటే తక్కువ గాయాలకు మాత్రమే ఆ వాదన పనికొస్తుంది.

"రోజు కూలీకి ఇది వర్తించదు" అని కొందరు చెబుతారు. క్యాజువల్ కూలీలను పక్కనపెట్టే మాటను 2000 సంవత్సరపు సవరణలోనే తీసేశారు. ఒక అంతస్తుకు మించిన కట్టడమైనా, నేల నుంచి కప్పు కొన దాకా పన్నెండు అడుగులు, అంతకుమించి ఉన్న కట్టడమైనా సరే, దాన్ని కట్టేవాళ్లూ, మరమ్మతు చేసేవాళ్లూ, పడగొట్టేవాళ్లూ అందరూ దీని కిందికి వస్తారు.

ఎంత వస్తుంది?

లెక్క చెబుతాను, రాసుకోండి. చనిపోతే నెల జీతంలో సగాన్ని, శాశ్వతంగా పూర్తిగా పనికి పనికిరాకుండా పోతే నెల జీతంలో 60 శాతాన్ని, వయసును బట్టి చట్టం పట్టికలో ఇచ్చిన అంకెతో గుణించాలి. 30 ఏళ్ల మనిషికి ఆ అంకె 207.98. వయసు తక్కువైతే అంకె ఎక్కువ, వయసు పెరిగితే తక్కువ. లెక్కలోకి తీసుకునే నెల జీతానికి పరిమితి ఉంది. 2020 జనవరి 3న కేంద్రం దాన్ని 8,000 నుంచి 15,000కు పెంచింది.

రోజుకు 600 చొప్పున నెలకు 25 రోజులు పనిచేసే 30 ఏళ్ల మేస్త్రీని తీసుకోండి. నెలకు 15,000. చనిపోతే 7,500ను 207.98తో గుణించాలి. 15,59,850 రూపాయలు. పూర్తి అంగవైకల్యమైతే 9,000ను గుణించాలి. 18,71,820 రూపాయలు. ఒక చేయి పోతే పట్టిక ప్రకారం సంపాదన శక్తిలో 60 శాతం పోయినట్టు. అంటే 11,23,092 రూపాయలు. వైద్యానికి అయిన ఖర్చు దీనికి అదనం. కొన్నాళ్లు మంచం పట్టి తర్వాత లేచేవాడికి ప్రతి పదిహేను రోజులకు నెల జీతంలో పావు వంతు.

ఇప్పుడు చెప్పండి, ఆస్పత్రి వరండాలో చేతిలో పెట్టేది ఎంత, ఇది ఎంత?

పట్టికలో ఉన్న శాతమే ఆఖరి మాట కూడా కాదు. మన పొరుగున ఒడిశాలోని జైపూర్‌లో 1968లో ఒక సినిమా హాల్లో పని చేస్తూ ఒక వడ్రంగి కింద పడ్డాడు. ఎడమ చేయి తీసేయాల్సి వచ్చింది. ఒక్క చేయే కదా, పట్టిక ప్రకారం ఇస్తానన్నాడు యజమాని. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1975లో నలుగురు జడ్జీల ధర్మాసనం తీర్పు చెప్పింది. ఒంటి చేత్తో వడ్రంగం చేయలేడు కాబట్టి అతనికి పోయింది నూటికి నూరు శాతం అంది. పరిహారం బాధ్యత ప్రమాదం జరిగిన రోజు నుంచే మొదలవుతుందని కూడా అంది. ప్రతాప్ నారాయణ్ సింగ్ దేవ్ కేసు అంటే ఏ ప్లీడరుకైనా తెలుస్తుంది. సెంట్రింగ్ పనివాడి కాలు పోయినా, రాడ్‌బెండర్ చేయి పోయినా ఈ తీర్పు చూపించి అడగండి. నెలలోపు కట్టకపోతే 12 శాతం వడ్డీ. సరైన కారణం లేకుండా ఎగ్గొడితే ఆపైన 50 శాతం దాకా జరిమానా.

ఎవరి మీద వేయాలి?

కట్టడం పనిలో ఇదే పెద్ద చిక్కు. కంపెనీ ఒక కాంట్రాక్టర్‌కు ఇస్తుంది, అతను సబ్ కాంట్రాక్టర్‌కు, అతను మేస్త్రీకి. ప్రమాదం జరిగాక అందరూ "నా మనిషి కాదు" అంటారు. తన వ్యాపారం కోసం పని గుత్తకు ఇచ్చిన అసలు యజమాని కూడా పరిహారం కట్టాలని చట్టం అంటోంది. కట్టిన తర్వాత కాంట్రాక్టర్ దగ్గర రాబట్టుకోవడం అతని తలనొప్పి, మనది కాదు. కాబట్టి దరఖాస్తులో అందరి పేర్లూ రాయాలి. ఒకటి మాత్రం తెలుసుకోండి. ఉండటానికి సొంత ఇల్లు కట్టుకునే మామూలు మనిషి పని మొత్తం గుత్తకు ఇస్తే, బాధ్యత ఆ గుత్త పట్టిన మేస్త్రీ మీద పడుతుంది. ఇంటివాడే కూలీలను పెట్టుకుని రోజు కూలి ఇస్తుంటే అతనే యజమాని. అందుకే గుత్త పట్టే మేస్త్రీ సోదరులకు చెబుతున్నాను. మీరు కూడా చట్టం దృష్టిలో యజమానులే. పని మొదలుపెట్టే ముందు కూలీల పేర ఇన్సూరెన్సు చేయించండి. ఆ ఖర్చు గుత్త ధరలోనే కలిపి అడగండి.

ఎక్కడికి వెళ్లాలి, ఎప్పటిలోగా?

ప్రమాదం జరిగిన రెండేళ్లలోపు, చనిపోతే చనిపోయిన రెండేళ్లలోపు దరఖాస్తు పెట్టాలి. సరైన కారణం చూపిస్తే ఆలస్యాన్ని మన్నించే వీలుంది కానీ దాని మీద ఆశ పెట్టుకోవద్దు. మొదట తొక్కాల్సిన గడప కార్మిక శాఖది. ప్లీడరు ఉంటే మంచిదే, లేకపోయినా రిజిస్టరైన యూనియన్ నాయకుడు మీ రాతపూర్వక అనుమతితో మీ తరఫున నిలబడవచ్చు.

ఎక్కడ ప్రమాదం జరిగితే అక్కడే వేయాలని లేదు. బాధితుడు గానీ అతని మీద ఆధారపడినవాళ్లు గానీ ఉండే ఊరి పరిధిలోనూ వేయవచ్చు. ఉత్తరాంధ్రకు ఇది ఎంత ముఖ్యమో వేరే చెప్పాలా? 2014 జూన్ 28న చెన్నై శివారు మౌలివాక్కంలో కడుతున్న పదకొండు అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. వాళ్లలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వలస కూలీలు ఎందరో ఉన్నారు. మనిషి హైదరాబాద్‌లో పడినా, చెన్నైలో పడినా అతని భార్య ఇక్కడి నుంచే కేసు నడపవచ్చు. అలాగే ఇక్కడ పనికొచ్చిన ఒడిశా, బీహార్ కూలీలు తమ ఊరి నుంచి నడపవచ్చు. వాళ్లూ మనవాళ్లే. భాష రాని మనిషికి దరఖాస్తు రాసిపెట్టడం మన పని.

ఇక ఆ స్టాంపు కాగితం సంగతి. చావు కేసులో పరిహారాన్ని యజమాని అధికారి దగ్గర జమ చేయాలి. కుటుంబం చేతికి నేరుగా ఇచ్చింది పరిహారం కింద లెక్కకు రాదు. మూడు నెలల జీతం మేరకు అడ్వాన్సు మాత్రమే మినహాయింపు. గాయపడినవాడితో రాజీ చేసుకున్నా ఆ ఒప్పందాన్ని అధికారి దగ్గర రిజిస్టర్ చేయించాలి. "ఇక నాకు ఏ హక్కూ లేదు" అని రాయించుకున్న కాగితం చెల్లదు. వేలిముద్ర వేసేశామని భయపడి ఇంట్లో కూర్చోవద్దు.

మిగతా దారులు

కాంట్రాక్టర్ ఈఎస్ఐ పరిధిలో ఉంటే దారి వేరు. ఈఎస్ఐ అమలయ్యే ప్రాంతాల్లో 2015 ఆగస్టు 1 నుంచి కట్టడం పనివాళ్లకూ అది వర్తిస్తోంది. అప్పుడు యజమాని దగ్గర కాకుండా ఈఎస్ఐ దగ్గరే వైద్యం, నెలనెలా పింఛను. రెండు చోట్లా తీసుకోవడం కుదరదు. కాంట్రాక్టర్ చందా కట్టలేదు కాబట్టి నీకు హక్కు లేదు అంటే నమ్మకండి.

భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డు ఇంకొకటి. కట్టడం ఖర్చులో ఒక శాతం నుంచి రెండు శాతం దాకా సెస్సు వసూలు చేసేది మీ కోసమే. ఆ డబ్బుతో కొన్ని రాష్ట్రాలు లాప్‌టాప్‌లు, వాషింగ్ మెషిన్లు కొన్నాయని సుప్రీంకోర్టులోనే బయటపడింది. 18 నుంచి 60 ఏళ్లలోపు ఉండి, ఏడాదిలో 90 రోజులు ఈ పని చేసినవాళ్లు పేరు నమోదు చేయించుకోవాలి. బోర్డు ఇచ్చేది తీసుకున్నా యజమాని ఇవ్వాల్సిన పరిహారం పోదు.

పనికి ఆటోలో వెళ్తూ లారీ గుద్దితే? ఇంటి నుంచి పనికి, పని నుంచి ఇంటికి వెళ్లే దారిలో జరిగిన ప్రమాదాన్ని, పనితో సంబంధం తేలితే, కొత్త కోడ్ పని ప్రమాదంగానే చూస్తుంది. మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌కూ వెళ్లవచ్చు. రెండింట్లో ఒకటే ఎంచుకోవాలి. ట్రిబ్యునల్లో 15,000 పరిమితి లేదు కానీ డ్రైవర్ నిర్లక్ష్యం రుజువు చేయాలి. ఏది లాభమో తెలిసినవాళ్లను అడిగి తేల్చుకోండి.

నాలుగోది పోలీసు కేసు. నిర్లక్ష్యంతో ప్రాణం తీస్తే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద అయిదేళ్ల దాకా శిక్ష ఉంది. ఫిర్యాదులో "కాలు జారి పడ్డాడు" అని ఒక్క ముక్క రాసి ఊరుకోవద్దు. పరంజాకు కట్లు సరిగా లేవా, వల కట్టలేదా, బెల్టు ఇవ్వలేదా, అన్నీ రాయండి. ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా తీసుకోండి. పోలీసు కేసు కొట్టేసినా పరిహారం కేసు నిలుస్తుంది.

మనం చేయాల్సిన పని

మేస్త్రీ సోదరులారా, ప్రమాదం జరిగిన గంటలోనే ఫోన్లో ఆ చోటు ఫొటోలు తీయండి. పక్కన పనిచేసే ఇద్దరి పేర్లు, నంబర్లు రాసుకోండి. కూలి డబ్బులు ఫోన్‌పేలో వస్తే ఆ లెక్క చెరపకండి. మీరు అక్కడ పని చేశారనడానికి అదే సాక్ష్యం. ఆస్పత్రిలో చేరేటప్పుడు "ఇంట్లో పడ్డాడు" అని రాయించనివ్వకండి. పనిచోటు పేరు చెప్పి రాయించండి. యజమానికి నోటీసు రిజిస్టర్ పోస్టులో పంపండి.

విద్యార్థి మిత్రులారా, ఇలాంటి దరఖాస్తు రాయడానికి పెద్ద చదువు అక్కర్లేదు. అచ్యుతాపురంలో, రాంబిల్లిలో, మునగపాకలో, ఇక్కడ ఎలమంచిలిలో ఊరికి ఇద్దరు కూర్చుంటే చాలు. ఉద్యోగ మిత్రులారా, మీ టేబుల్ మీదికి వచ్చిన కాగితానికి రసీదు ఇవ్వండి. ఒక్క రసీదు ఆ కుటుంబానికి రెండేళ్ల గడువును కాపాడుతుంది. డబ్బు లేక ఆగిపోయేవాళ్లకు కోర్టు ప్రాంగణంలోని న్యాయ సేవల కమిటీ ఉచితంగా ప్లీడరును ఇస్తుంది. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో నిమిత్తం లేదు. 15100కు ఫోన్ చేసినా చెబుతారు.

రేపు ఉదయం మీరంతా మళ్లీ పరంజా ఎక్కాలి. ఎక్కేముందు కట్లు చూసుకోండి. వదులుగా ఉంటే ఎక్కనని చెప్పండి. ఒక్కడు చెబితే పనిలోంచి తీసేస్తారు. పదిమంది కలిసి చెబితే కట్లు బిగిస్తారు.