మన్ననూరు క్యాంపు కోర్టు
(సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 సర్వీసులో మరచిపోలేని సంగతి ఒకటి చెప్పమన్నారు. ప్రమోషన్ల గోడు మీ అందరికీ తెలిసిందే కనుక మన్ననూరు సంగతి చెబుతాను.

1978లో నేను జూనియర్ అసిస్టెంటుని. గిరిజనుల భూమి కేసులు వినే స్పెషల్ డిప్యూటీ కలెక్టరు గారి దగ్గర బెంచి పని. అడవిలో క్యాంపులు తిరగాల్సిన ఆ పోస్టంటే చాలామంది జంకేవారు. మా సారు కూడా ఆర్డరు జేబులో పెట్టుకుని పది రోజులు ఆలోచించారట. “కుర్చీ ఖాళీగా ఉంటే కేసులు వాయిదా పడతయి, భూమి ఎవరి కింద ఉందో వాళ్ల కిందనే ఉంటది” అని చివరికి చేరిపోయారు.

రిటైరయ్యాక లైబ్రరీలో ఒక పుస్తకం చదివాను. 1805లో అమెరికాలోని మిచిగన్ ప్రాంతానికి ఉడ్‌వర్డ్ అనే ఆయనను జడ్జిగా వేశారు. ఆయన డెట్రాయిట్ చేరేసరికి ఊరు మంటల్లో కాలిపోయి ఉంది. అక్కడ గవర్నరూ, ముగ్గురు జడ్జీలూ కలిసి చట్టాలు చేసేవారు, ఆ జడ్జీలే తీర్పులూ చెప్పేవారు. మన దగ్గరా రెవెన్యూ అధికారే జడ్జి. అది మంచిదా కాదా అంటే, కూర్చున్న మనిషిని బట్టి ఉంటుందని నా అభిప్రాయం.

మన్ననూరు, అమ్రాబాద్, అప్పాపూర్ 1950 నుంచే షెడ్యూల్డు ప్రాంతం. 1959 నాటి భూబదలాయింపు నిబంధనను 1963లో తెలంగాణకు వర్తింపజేశారు. 1970 దాకా ఏజెంటు అనుమతి ఉంటేనే గిరిజనుడి భూమిని గిరిజనేతరుడు కొనడం చెల్లేది. 1970 సవరణతో, గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచే వచ్చిందని ముందు అనుకోవాలి. కాదని రుజువు చేసుకునే భారం అతనిదే.

ఆ రోజు ఒక చెంచు పెద్దాయన కేసు. మూడుసార్లు పిలిచినా రాలేదు. గైరుహాజరు కింద కొట్టివేస్తూ డాకెట్ రాసి సంతకానికి పెట్టాను. సారు కలం తీయలేదు.

“నోటీసు అందిందా?”

“అందింది సార్, వేలిముద్ర ఉంది.”

“చదివి వినిపించింది ఎవరయ్యా?”

నేను జవాబు చెప్పలేకపోయాను. నోటీసు పంపింది నేనే. వాయిదా వేసి, నన్నే పెంటకు పంపారు. చెంచు కుర్రవాడొకడు దారి చూపగా ఒక పూట నడిచాను. ఆ కాగితాన్ని పెద్దాయన గుడిసె చూరులో భద్రంగా దోపి ఉంచాడు.

తర్వాతి వాయిదాకు వచ్చాడు, చేతిలో ఏ కాగితమూ లేదు. ఎదుటివారు 1968 నాటి తెల్లకాగితం దస్తావేజు తెచ్చారు. అనుమతి ఏదని సారు అడిగారు. లేదు. భూమి తిరిగి ఇవ్వాలని ఆర్డరయింది. అయితే స్వాధీనం చేయించడానికి ఇంకో రెండు పంటకాలాలు పట్టింది. ఆ ఫైలు కదిలించడానికి నేను తిరిగిన తిరుగుడు వేరే కథ.

ఆర్డరు కాపీ ఇచ్చిన రోజు “ఏం రాసిండ్రు దొరా?” అని అడిగాడు. సర్వే నంబరుతో సహా చదివాను. అర్థం కాలేదు. ఇప్పచెట్టు కాడి చేను నీదేనని రాశారన్నాను. అప్పుడు తలూపి, ఇంకోసారి చదవమన్నాడు.