సెరటోనిన్ ఒక్కటే కాదు

ఈ రోజు పట్టా అందుకున్న యువ డాక్టర్లకు అభినందనలు.

భవిష్యత్తు గురించి గొప్ప మాటలు నా తర్వాత మాట్లాడేవాళ్లు చెబుతారు. సైకియాట్రిస్టుని కాబట్టి, నాకు చేతనైన డిప్రెషన్ గురించే చెబుతాను.

రేపు ఓపీలో ఎవరో ఒకరు అడుగుతారు, "డాక్టరుగారూ, నాకెందుకిలా అవుతోంది?" అని. మన నోట్లో జవాబు సిద్ధంగా ఉంటుంది: "మెదడులో సెరటోనిన్ తగ్గిందమ్మా." ఆ మాటతో రోగిమీద పడ్డ నింద కొంత తొలగుతుంది, అందుకే మనకది ఇష్టం. కానీ విషయం అంత తేలికైనది కాదు. 2022లో జొవానా మాంక్రీఫ్ బృందం అప్పటిదాకా వచ్చిన సమీక్షలను పరిశీలించి, డిప్రెషన్‌కు సెరటోనిన్ తగ్గడమే కారణమనడానికి నిలకడైన ఆధారం లేదంది. అంతమాత్రాన మందులు దండగ అనేవాళ్లతో నేను ఏకీభవించను. మందు పనిచేసే తీరు వేరు, జబ్బు పుట్టిన తీరు వేరు.

సెరటోనిన్ పక్కనే ఒత్తిడి హార్మోను కార్టిసాల్‌నూ చూడండి. మనసుకు ఒత్తిడి తగలగానే హైపోథాలమస్ పిట్యూటరీని లేపుతుంది, అది అడ్రినల్‌ను లేపుతుంది, కార్టిసాల్ పెరుగుతుంది. పెరిగిన కార్టిసాలే మెదడుకు వెళ్లి ఇక చాలని చెప్పాలి. ట్యాంకు నిండితే మోటారు ఆగినట్టన్నమాట. తీవ్రమైన డిప్రెషన్‌లో కొందరికి ఆ మోటారు ఆగదు. కార్టిసాల్‌ను అణచాల్సిన డెక్సామెథసోన్ రాత్రి ఇచ్చినా మర్నాడు కార్టిసాల్ తగ్గని రోగులను బెర్నార్డ్ కారోల్ 1960ల చివర్లోనే చూపించాడు. జబ్బును పట్టిచ్చే పరీక్షగా అది నిలబడలేదు. అందరు రోగుల్లోనూ కార్టిసాల్ పెరగదు మరి.

సెరటోనిన్‌కూ కార్టిసాల్‌కూ సంబంధం ఎక్కడ? సెరటోనిన్ తయారీకి ట్రిప్టోఫాన్ కావాలి. దాన్ని కైన్యురెనిన్ దారికి మళ్లించే కాలేయపు ఎంజైమును కార్టిసాల్ పెంచుతుంది. ఎలుకల్లో కార్టిసాల్ పాత్ర కార్టికోస్టెరాన్‌ది; దాన్ని ఎక్కువకాలం ఇచ్చిన ఎలుకల హిప్పోకాంపస్‌లో ఒక రకం సెరటోనిన్ రిసెప్టర్లు తగ్గాయి. ఇక్కడిదాకా కార్టిసాలే దోషిలా కనిపిస్తుంది. కానీ రాఫే కేంద్రకాల నుంచి సెరటోనిన్ నరాలు హైపోథాలమస్‌దాకా వెళ్లి ఇదే ఒత్తిడి వ్యవస్థను ప్రేరేపిస్తాయి. సెరటోనిన్‌ను పెంచే ఎస్ఎస్ఆర్ఐ మందుల మొదటి మోతాదుకే కార్టిసాల్ పెరగడం కూడా చూశారు. సెరటోనిన్ అంటే సంతోషం అని రాసే పత్రికలవాళ్లకు ఇది నచ్చదు. ఈ మందులు వేసుకున్న కొన్ని గంటల్లోనే సెరటోనిన్ పెరిగినా, ఉపశమనానికి వారాలు పట్టడానికి రిసెప్టర్లు మెల్లగా సర్దుకోవడం ఒక కారణం కావచ్చు. మందు రాసిన రోజే ఆ సంగతి చెప్పండి. చెప్పకపోతే రోగి మొదటి వారంలోనే మానేస్తాడు.

కార్టిసాల్ మనసును ఎంతగా మార్చగలదో, అది ఒంట్లో మితిమీరే కుషింగ్ సిండ్రోమ్‌లో చూడొచ్చు. ఆ రోగుల్లో చాలామందికి డిప్రెషన్ ఉంటుంది. కార్టిసాల్‌ను అదుపు చేశాక ఎంతోమంది కోలుకుంటారు. బయటినుంచి వేసుకునే స్టెరాయిడ్లూ అలాగే మనసును కుంగదీయగలవు. మన ఊళ్లలో మోకాళ్ల నొప్పులకు పేరు తెలియని మాత్రలు పొట్లం కట్టి ఇచ్చేవాళ్లు ఎందరో మీకు నేను చెప్పక్కర్లేదు. దిగులుతో వచ్చిన పెద్దావిడను "ఏం మందులు వాడుతున్నారు?" అంటే "ఏమీ లేవు బాబూ" అంటుంది. "నొప్పులకు ఎవరైనా మాత్రలిచ్చారా అమ్మా?" అని అడిగి చూడండి, సంచిలోంచి పొట్లం తీస్తుంది. అది స్టెరాయిడ్ అని అనుమానం వస్తే మాత్రం అక్కడికక్కడ మానిపించకండి. ఎన్నాళ్లుగా వాడుతోందో కనుక్కుని, మెల్లగా తగ్గించండి. అప్పటికే అడ్రినల్ తన పని మానేసి ఉండవచ్చు.