గోబర్ గ్యాసుకు తగిన పంపులు, కంప్రెసర్లు
(పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)

గ్రామ పంచాయతీ సభ్యులారా!

పేడనుండి వంటకు గ్యాసును, పొలమునకు ఎరువును పొందవచ్చునని మీరెల్లరు ఎఱుగుదురు. 2018లో కేంద్ర ప్రభుత్వము గోబర్‌ధన్ కార్యక్రమమును ప్రారంభించిన పిమ్మట, ఊరంతటికి ఒకే ప్లాంటు కట్టుకొను ఆలోచన పలుచోట్ల కలుగుచున్నది. అట్టి ప్లాంటుకు యంత్రము కొనునపుడు తక్కువ ధర ఒక్కటే చూచి తీర్మానము చేయరాదని మేము మొదటనే మనవి చేయుచున్నాము.

ఈ గ్యాసులో నూటికి 55 మొదలు 65 పాళ్లు సాధారణముగా మీథేను. మిగిలినది చాలవరకు బొగ్గుపులుసు వాయువు. కొంత నీటి ఆవిరియు, కుళ్లిన గ్రుడ్డు వాసన గల హైడ్రోజన్ సల్ఫైడును ఉండును. గాలిలో మీథేను నూటికి 5 మొదలు 15 పాళ్లు కలిసినచో, ఒక్క నిప్పురవ్వకే ప్రేలుడు సంభవింపవచ్చును.

అసలు యంత్రము అవసరమా యని ముందు విచారింపుడు. తేలెడి డ్రమ్ము గల ప్లాంటులో ఆ డ్రమ్ము బరువే గ్యాసును త్రోయును. దగ్గరి వంటయిండ్లకు అది చాలును. దూరపు ఇండ్లకు గొట్టముల ద్వారా పంపుటకు బ్లోయరు చాలును. అధిక పీడనమున నిలువచేయదలచినపుడే కంప్రెసరు కావలెను.

టైర్లకు గాలికొట్టు కంప్రెసరు పనికిరాదా యని కొందరు అడుగుదురు. పనికిరాదు. అందు పిస్టను ప్రక్కనుండి తప్పించుకొనునది క్రాంకు పెట్టె రంధ్రము గుండా గదిలోనికి వచ్చును. అది గాలియైనచో భయము లేదు. గ్యాసైనచో గది నిండును. మామూలు మోటారు, స్విచ్చులనుండి రవ్వలు పుట్టవచ్చును. పైగా గ్యాసు తరిగిన పిమ్మటను యంత్రము లాగుచునే యుండిన, సందులగుండా బయటి గాలి గొట్టములలో చేరును.

కావున కొటేషనులు కోరునపుడే ఈ షరతులు వ్రాయుడు. యంత్రము గోబర్ గ్యాసుకై తయారైనది కావలెను. తప్పించుకొను గ్యాసు తిరిగి లోనికే పోవలెను. మోటారు, స్విచ్చులు ఐఎస్/ఐఈసీ 60079 ప్రమాణముల ప్రకారము ధ్రువపత్రము పొందిన ఫ్లేమ్‌ప్రూఫ్ రకము కావలెను. గ్యాసు పీడనము తగ్గగానే యంత్రము తనంతట తాను ఆగవలెను. హైడ్రోజన్ సల్ఫైడు రాగి, ఇత్తడి భాగములను తినివేయును. కనుక గ్యాసును ముందు తుప్పుపట్టిన ఇనుప రజను గుండా పంపి, నీటిని వేరుచేసి, పిదపనే యంత్రమునకు అందింపవలెను.

ఈ గ్యాసు గాలికన్న స్వల్పముగా మాత్రమే తేలిక. అందుచే షెడ్డుకు పైనను, క్రిందను గాలి ఆడవలెను. లీకును సబ్బునీటితో చూడవలెనే గాని అగ్గిపుల్లతో చూడరాదు.

మరియొక హెచ్చరిక. ఈ గ్యాసును వంటగ్యాసు సిలిండర్లలో ఎన్నడును నింపకుడు. మీథేను సాధారణ ఉష్ణోగ్రతలో ఎంత అదిమినను ద్రవము కాదు. వాహనముల కొరకు దానిని శుద్ధిచేసి సుమారు 200 బార్ల పీడనమున నింపుదురు. వంటగ్యాసు సిలిండరు అంతటి ఒత్తిడికి చేసినది కాదు. సిలిండర్లు నింపు పనికి పెట్రోలియము, పేలుడు పదార్థముల భద్రతా సంస్థ అనుమతి తప్పనిసరి.

స్విచ్చి వేయువాడు మన ఊరి పిల్లవాడే. పొయ్యి వెలిగించునది మన ఇంటి ఆడపడుచే. మీరు వ్రాయు తీర్మానములోని ఒక్కొక్క షరతు వారి ప్రాణములకు కాపుగా నిలుచునని గుర్తుంచుకొనుడు.