మూసిన గని, మిగిలిన బాధ్యత
(విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



గని తెరిచిన రోజును లోకం గుర్తుంచుకుంటుంది. అది మూతపడిన తరువాత అక్కడ ఏమి మిగిలిందని అడిగేవారు అరుదు. ఆ ప్రశ్నను కోలారు బంగారు గనుల ఉదాహరణతో మీ ముందు ఉంచదలచాను.

కర్ణాటకలోని ఈ గనులు మన చిత్తూరు సీమకు పొరుగుననే ఉన్నవి. 1880లో జాన్ టేలర్ సంస్థ ఇక్కడ ఆధునిక పద్ధతిలో తవ్వకం చేపట్టింది. 1902లో శివసముద్రం నుండి విద్యుత్తు వచ్చింది. 1972లో ఏర్పడిన భారత్ గోల్డ్ మైన్స్ వీటి నిర్వహణను స్వీకరించింది. తమిళులు, తెలుగువారు, కన్నడిగులు ఒకే చీకటిలోనికి దిగి పనిచేశారు. మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు సాగిన ఆ శ్రమ సుమారు 800 టన్నుల బంగారాన్ని వెలికితీసింది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డవి.

బంగారం తరలిపోయింది, మట్టి మిగిలింది. వెయ్యి ఎకరాలకు పైగా విస్తరించిన 13 దిబ్బలలో మూడు కోట్ల టన్నులకు పైబడిన వ్యర్థం పేరుకొని ఉన్నది. పిండివలె నూరిన రాతి నుండి సైనైడు ద్రావణంతో బంగారాన్ని కరిగించి తీయగా మిగిలినదిది. ప్రజలు వీటిని సైనైడు దిబ్బలంటారు. నిజానికి సైనైడు ఎండకు, గాలికి క్రమంగా విచ్ఛిన్నమవుతుంది. చిరకాలం నిలిచేవి రాతిలోని సిలికా, ఆర్సెనిక్, గంధక ఖనిజాలు. గాలి వీచే మాసాలలో ధూళి కార్మికవాడల ఇళ్ళలోనికి చేరుతుంది. సన్నని సిలికా ధూళి దీర్ఘకాలం ఊపిరితిత్తులలో చేరితే సిలికోసిస్ అనే నయంకాని వ్యాధి కలుగుతుంది. గంధక ఖనిజాలకు గాలి, నీరు తగిలితే ఆమ్లం పుడుతుంది. అది లోహాలను కరిగించి చెరువులకు, బావులకు చేర్చగలదు.

దీనికి నివారణ లేకపోలేదు. మొదట దిబ్బ అడుగున గోడ కట్టి, చుట్టూ కాలువ తీసి, వాననీటిని మడుగులో నిలిపి మట్టిని పేరుకోనివ్వాలి. ఆమ్లమున్నచోట సున్నంతో విరుగుడు చేయాలి. దిబ్బపై మంచి మన్ను పరచి, వట్టివేరు వంటి లోతువేళ్ళ గడ్డిని, ఆ నేలకు తాళే చెట్లను పెంచాలి. పాత గనిబావుల నోళ్ళను భద్రంగా మూయాలి. బావుల నీటిని ఏటేటా పరీక్షించి, ఫలితాలను ప్రజల భాషలో ప్రకటించాలి.

హిందీ నుండి ప్రభుత్వ పత్రాలను అనువదించేటప్పుడు రెండు మాటలు నన్ను ఆలోచింపజేస్తాయి. ఒకటి ‘బంద్ ఖదాన్’, అనగా మూసిన గని. రెండవది ‘పరిత్యక్త ఖదాన్’, అనగా విడిచిపెట్టిన గని. మూయడం ఒక పని. విడిచిపెట్టడం ఆ పనిని ఎగవేయడం. ఈ భేదాన్ని మన చట్టం ఆలస్యంగా గుర్తించింది. ప్రతి గనికీ మూసివేత ప్రణాళిక, దానికి తగిన ఆర్థిక హామీ ఉండాలన్న నిబంధన 2003లో వచ్చింది. అప్పటికి కోలారు గనులు మూతపడి రెండేళ్ళయింది. 2015 చట్ట సవరణతో జిల్లా ఖనిజ నిధులు ఏర్పడ్డవి. అయితే అవి ప్రధానంగా నడుస్తున్న గనుల చెల్లింపులతో నిండేవి. పాత గనుల ఊళ్ళకు ప్రత్యేక కేటాయింపు అవసరం.

2024 జూన్‌లో ఈ 13 దిబ్బలలో మిగిలిన బంగారాన్ని తీసేందుకు వేలం వేయాలన్న కేంద్ర ప్రతిపాదనకు కర్ణాటక మంత్రివర్గం సమ్మతించింది. ఇది మంచి అవకాశమే. కాని టన్ను మట్టిలో లభించే బంగారం బహు స్వల్పం. దానిని తీసినంత మాత్రాన దిబ్బ తరగదు. కదిలించిన మట్టి మరింత ధూళిగా లేస్తుంది. కనుక మిగిలిన మట్టిని ఎక్కడ ఉంచుతారు, ఎలా కప్పుతారు, ఎన్నేళ్ళు కాపాడతారు అన్న షరతులను ఒప్పందంలోనే వ్రాయించాలి. లాభం ఒకరికి, ధూళి మరొకరికి కారాదు.

విద్యార్థులారా! మీ జిల్లాలో మూతపడిన గనులు, క్వారీలు ఎన్ని ఉన్నవో పటంలో గుర్తించండి. వాటి దిగువ ఊళ్ళు ఏ నీరు తాగుతున్నవో అడిగి తెలుసుకొనండి. ఆ వివరాలను గ్రామసభ ముందు ఉంచండి. దేశ సమైక్యత అంటే సంపదను పంచుకొనడం మాత్రమే కాదు. ఆ సంపద మిగిల్చిన భారాన్ని కూడా కలిసి మోయడం.