కాటిసీనులో మగవాళ్లు
(హార్మనీ మాస్టారి స్మారకోపన్యాసం)



మాస్టారి స్వరజ్ఞానం గురించి మాట్లాడే అర్హత నాకు లేదు. ఆయన కూర్చున్న చోటు గురించి మాట్లాడతాను. పద్యనాటకంలో హార్మనీ వాయించేవాడు స్టేజీ మీద ముందువైపు ఒక మూలన కూర్చుంటాడు. శ్రుతి అందిస్తూ నటుణ్ణి చూస్తాడు, కాస్త తల తిప్పితే జనాన్నీ చూస్తాడు. మిగతా అందరూ హరిశ్చంద్రుణ్ణి చూస్తుంటే మాస్టారు ఊరిని చూశారు.

‘సత్యహరిశ్చంద్ర’లో కాటిసీను వచ్చేసరికి తెల్లవారుజాము అయ్యేది. ఆ ఒక్క సీను కోసం పేరున్న హరిశ్చంద్రుణ్ణి వేరే పిలిపించడం మామూలే. కాటికాపరి అయిన హరిశ్చంద్రుడు కొడుకు శవంతో వచ్చిన భార్య చంద్రమతిని కాటిసుంకం అడుగుతాడు. ఇచ్చుకోవడానికి ఏమీ లేదంటుంది. మెడలో తాళి ఉంది కదా అంటాడు. భర్త కంటికి తప్ప కనపడని తాళి అది. “సరిగ్గా అక్కడ అగ్గిపుల్లలు గీసేవాళ్లురా,” అనేవారు మాస్టారు. ఆడవాళ్ల వైపు కొంగులు కళ్ల దగ్గరికి వెళ్లేవి, ముక్కు చీదే చప్పుడు బాహాటంగా వినపడేది. మగవాళ్ల వైపు మాత్రం ఒక్కసారిగా బీడీలు, చుట్టలు వెలిగేవి. పొగ కళ్లలో పడిందని చెప్పుకోవచ్చు కదా! పొగ అలవాటు లేనివాడు ‘వన్స్ మోర్’ అని గట్టిగా అరిచేవాడు. పద్యం నచ్చి అరిచే గొంతు వేరు, దుఃఖం ఆపుకోలేక అరిచే గొంతు వేరు అనేవారాయన. రెండో రకం అరుపు వినపడితే రాగం ఇంకాస్త సాగదీసేవారట, వాళ్లు మొహం తుడుచుకునే దాకా.

మగవాడు ఏడవకూడదని మన పెద్దలు కట్టడి చేశారని తరచూ వింటాం. నాకు ఆ మాట పూర్తిగా నమ్మబుద్ధి కాదు. వాల్మీకి రాముడు సీత కనపడక చెట్టునూ పుట్టనూ అడుగుతూ ఏడ్చాడు. రెండు సేనల నడుమ అర్జునుడికి నోరెండిపోయి, ఒళ్లు వణికి, గాండీవం చేజారింది. గీత మొదలయ్యేదే ఆ నీరసంతో. మన కావ్యాల నిండా ఏడ్చిన మగవాళ్లే. కాకపోతే వాళ్లు ఎవరో చూడండి. ఒకడు శివధనుస్సు విరిచినవాడు, ఇంకొకడు మత్స్యయంత్రం కొట్టినవాడు. ముందు విల్లు ఎక్కుపెట్టి చూపించారు, ఆ తర్వాతే ఏడ్చారు.

హరిశ్చంద్రుడూ అంతే. చక్రవర్తి కాటికాపరి అయ్యాడు కాబట్టి అది నాటకమైంది. పుట్టుకతోనే కాటికాపరి అయినవాడు తన బిడ్డకు తానే చితి పేర్చుకుంటే చూడ్డానికి టిక్కెట్టు ఎవరు కొంటారు? బలిజేపల్లి లక్ష్మీకాంత కవి నాటకంలోని కాటిసీనులోకి జాషువా శ్మశానవాటి పద్యాలు వచ్చి చేరాయి. వాటిని పాడి డి.వి. సుబ్బారావు లాంటి నటులు ఊళ్లకు ఊళ్లను కట్టిపడేశారు. అంటరానితనం తన ఒంటి మీద అనుభవించిన జాషువా రాసిన పద్యాలు విని, ఆ అంటరానితనం పాటించిన ఊళ్లే రాజుగారి కోసం కన్నీళ్లు పెట్టుకున్నాయి. నాటక చరిత్రలు రాసేవాళ్లు ఈ సంగతి ఇంకాస్త గట్టిగా చెప్పాలని నా కోరిక.

నన్నడిగితే, గట్టి మగవాడి లోపల ఏం జరుగుతుందో చెప్పిన కథల్లో హిరణ్యకశిపుడి కథను మించింది లేదు. మనం ఆ కథను స్తంభం దగ్గర పట్టుకుంటాం కాబట్టి అతను ఉత్త రాక్షసుడిగానే కనపడతాడు. భాగవతం సప్తమ స్కంధం మొదటి నుంచి చదవండి. విష్ణువు వరాహమై వచ్చి తమ్ముడు హిరణ్యాక్షుణ్ణి చంపాడు. రోషం ఒక పక్క, శోకం ఒక పక్క అతణ్ణి దహిస్తున్నాయి. అప్పుడతను చేసిన పని ఏమిటి? అనుచరులను లోకం మీదికి ఉసిగొల్పి, ఇంటికొచ్చి తల్లి దితినీ, తమ్ముడి భార్యనూ, పిల్లలనూ ఓదార్చాడు. ఆత్మకు చావు లేదన్నాడు. యుద్ధంలో చచ్చిపోయిన సుయజ్ఞుడనే రాజు శవం చుట్టూ బంధువులు ఏడుస్తుంటే, యముడు చిన్నపిల్లవాడి రూపంలో వచ్చి వాళ్లకు బుద్ధి చెప్పిన కథ వినిపించాడు. ఆడవాళ్లు తేరుకున్నారు. చెప్పినవాడే తేరుకోలేదు. లేచి మందర పర్వతానికి తపస్సుకు పోయాడు.

చావు ఇంట్లో రాకూడదు, బయట రాకూడదు, పగలు రాకూడదు, రాత్రి రాకూడదు, మనిషి వల్లా మృగం వల్లా రాకూడదు. ఈ వరాల చిట్టాను మనం పొగరుకింద జమకడతాం. నాకు మాత్రం దెబ్బ తిన్నవాడు ఒక్కో కంతా వెతికి వెతికి పూడ్చుకున్నట్టు కనపడుతుంది. తమ్ముడి కోసం ఇంట్లోవాళ్లతో కలిసి నాలుగు రోజులు ఏడ్చి ఉంటే ఇన్నేళ్ల తపస్సు అవసరమయ్యేదా అని నాకొక చిలిపి సందేహం.

అసలు ఘట్టం తర్వాత వస్తుంది. గురుకులం నుంచి వచ్చిన ప్రహ్లాదుణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని, నెత్తి మూర్కొని, ఆ నెత్తిని తన కన్నీళ్లతో తడిపాడని వ్యాసుడు చెప్పాడు. మూడు లోకాలను వణికించినవాడు కొడుకు స్పర్శకు కరిగిపోయాడు. గురువులు ఏం నేర్పారు నాయనా అని అడిగాడు. పిల్లవాడు తమ్ముణ్ణి చంపినవాడి పేరు చెప్పాడు. అంతే, ఒళ్లోంచి నేల మీదికి తోసేశాడు. కన్నీరు, తోసెయ్యడం రెండూ ఒకే ఘట్టంలో. అన్నగా దిగమింగిన శోకం తండ్రిగా కొడుకు మీద పడింది. ఇది ఏ యుగంలోనో జరిగిన కథలా ఉందా మీకు?

1967లో ఏవీఎం వారి ‘భక్త ప్రహ్లాద’లో ఈ పాత్ర ఎస్.వి. రంగారావుది, ప్రహ్లాదుడు చిన్నారి రోజారమణి. గద మోసిన ఆ చేతులు పిల్లవాణ్ణి దగ్గరకు తీసుకునేటప్పుడు ఎంత మెత్తబడతాయో మళ్లీ ఒకసారి చూడండి. నూజివీడులో 1918లో పుట్టిన ఈ మనిషి సినిమాల్లోకి రాకముందు ఫైర్ ఆఫీసరు. ‘పాతాళభైరవి’లో మాంత్రికుడు, ‘మాయాబజార్’లో ఘటోత్కచుడు ఆయనే. ‘నర్తనశాల’లో కీచకుడికి జకార్తా ఆఫ్రో-ఏషియన్ చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది. జనం ఆయన్ను చూసి జడుసుకున్నారు. అయితే తానే డైరెక్టరై కథ ఎంచుకునే వీలు దొరికినప్పుడు ఆయన తీసినవి గదాయుద్ధాలు కావు. 1967లో ‘చదరంగం’, 1968లో ‘బాంధవ్యాలు’ తీశారు. రెండూ కుటుంబ కథలే. నాకు ఇందులో వింతేమీ కనపడదు. కీచకుడిగా భయపెట్టినవాడు ముసలి తండ్రిగా కంటతడి పెడితే హాలు హాలంతా కరుగుతుంది. అదే పని బక్కపల్చటి నటుడు చేస్తే అంత ఫలితం వచ్చేదా?

గద లేనివాడి సంగతి వేరు. అతనికి మనం సారా చూపించాం. తాగినవాడు ఏడిస్తే ఎవరూ తప్పుపట్టరు. ‘మందు ఏడిపిస్తోంది’ అని సరిపెట్టుకుంటారు. 1953లో ‘దేవదాసు’ వచ్చాక తాగి ఏడ్చే మగవాడికి ఒక హోదా కూడా దక్కింది. ఆ హోదాకు అయ్యే ఖర్చు ఎవరి మీద పడిందో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు చెప్పారు. అక్కడ రాజుకున్న ఉద్యమం 1992 నాటికి సారా వేలంపాటలు ఆపించే దాకా వెళ్లింది, 1993 అక్టోబర్ నుంచి రాష్ట్రంలో సారా ఆగింది. తాగిన మగవాడు బయటికి కక్కింది దుఃఖమే అయినా, ఇంటికొచ్చేసరికి అది తిట్టూ తన్నూ అయింది. హిరణ్యకశిపుడి ఒడిలో జరిగిందే గుడిసెల్లోనూ జరిగింది.

తాగనివాడు? “ఎలా ఉన్నావురా?” అంటే, “ఆఁ, ఏముంది, నడుస్తోంది,” అంటాడు. కౌలురైతూ అదే అంటాడు, ఆటో కిస్తీ కట్టలేనివాడూ అదే అంటాడు, అమెరికాలో ఉద్యోగం పోయి ఇంట్లో చెప్పనివాడూ అదే అంటాడు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కలో 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. నూటికి డెబ్బై ఒక్కరికి పైగా మగవాళ్లు. కారణాల్లో మొదటిది కుటుంబ సమస్యలు, రెండోది అనారోగ్యం. ఆడవాళ్ల బాధ తక్కువని ఈ అంకెకు అర్థం కాదు. అదే లెక్కలో గృహిణులే పాతిక వేలకు పైగా ఉన్నారు. ఆడవాళ్లకు ఏడ్చే వీలుంది కాబట్టి బతికిపోతున్నారని తేల్చేయడం తప్పు, అన్యాయం కూడా. నేను చెప్పేది ఒకటే. ‘నడుస్తోంది’ అన్నవాణ్ణి ఆగి రెండోసారి అడిగే అలవాటు మగవాళ్లకు మగవాళ్ల పట్ల లేదు. మాస్టారికి ఉండేది, ఆయన హార్మనీ మీద అడిగేవారు.

ఇలాంటివాళ్లు మనసు విప్పి మాట్లాడుకోవడానికి ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో ‘టెలీ మానస్’ అని ఉచిత ఫోన్ సేవ పెట్టింది. నంబరు 14416, తెలుగులో మాట్లాడతారు. ఈ ఉపన్యాసం అచ్చయ్యే పుస్తకం వెనక అట్ట మీద ఆ నంబరు వేయమని సభ కమిటీని అడిగాను, ఒప్పుకున్నారు. దాతల పేర్ల కింద కాదు, పైన వేయాలన్నాను. దాని మీద ఇంకా చర్చ నడుస్తోంది.